పాపకి హెచ్‌పీవీ టీకా: ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారు, మీరెలా నిర్ణయించుకున్నారు?

కూకట్‌పల్లి అమ్మ · 18 జూన్ 2024, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా పాపకి పదకొండేళ్లు నిండాయి. మొన్న జ్వరానికి చూపించడానికి వెళ్తే పిల్లల డాక్టరు గారు టీకాల కార్డు తిరగేసి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా కూడా వేయించేయండి అన్నారు. నేను సరేనని వచ్చాను. ఇంట్లో చెప్పగానే మా అత్తయ్య "పెళ్లి కాని పిల్లకి గర్భసంచి టీకా ఏమిటి? రేపు కడుపు పండకపోతే పూచీ ఎవరిది?" అన్నారు. మా వారు ఇంకో రకం. ఫిబ్రవరి బడ్జెట్‌లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి ఈ టీకాను ప్రోత్సహిస్తామని చెప్పారు కదా, ప్రభుత్వం ఇచ్చినప్పుడు చూద్దాంలే అంటారు.

అత్తయ్య మీద కోపంతో రాయడం లేదు. నేను ఉద్యోగానికి వెళ్తుంటే పాపను పొత్తిళ్లలోంచి పెంచింది ఆవిడే. ఆవిడకి చెప్పకుండా తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. ఇంత చిన్న వయసులోనే ఎందుకు వేస్తారు, పిల్లలు పుట్టరనే మాటలో నిజమెంత, అసలు పాపకి ఏమని చెప్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

గుంటూరు గైనిక్ · 18 జూన్, రాత్రి 10:31

మీ అత్తగారు అడిగింది చాలా మంది అడిగేదేనమ్మా. ఓపిగ్గా జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ దాదాపు అన్ని కేసుల్లోనూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఆ సంబంధాన్ని కనిపెట్టినందుకే హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. ఈ వైరస్‌లో చాలా రకాలున్నా ఎక్కువ హాని చేసేవి 16, 18 రకాలు. టీకా ప్రధానంగా వాటినే ఆపుతుంది. అయితే వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే పూర్తి ఫలితం. వచ్చేశాక వేస్తే ఉన్నదాన్ని తీసెయ్యలేదు. అందుకే తొమ్మిది నుంచి పద్నాలుగు మధ్య వయసు. ఆ వయసులో శరీరం ప్రతిరక్షకాలను కూడా బాగా తయారుచేస్తుంది.

పెళ్లికి ముందు ఎందుకని అడిగేవాళ్లకి నేను ఒకటే గుర్తు చేస్తాను. హెపటైటిస్-బి కూడా లైంగిక సంబంధం ద్వారా వ్యాపించే వైరస్సే. ఆ టీకాని బిడ్డ పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపే వేస్తున్నాం. దాన్ని చూసి ఎవరూ పిల్ల నడవడికను శంకించరు. పైగా జీవితాంతం ఒక్క భర్తతోనే ఉన్న ఆడవాళ్లకీ ఈ వైరస్ వస్తుంది. నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో ఎక్కువ మంది అలాంటివాళ్లే.

ఇక పిల్లలు పుట్టకపోవడం గురించి. టీకాలో బతికున్న వైరస్ ఉండదు, వైరస్ జన్యుపదార్థం కూడా ఉండదు. పైపొరను పోలిన ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. 2006 నుంచి ప్రపంచమంతా కోట్ల మందికి వేశారు. సంతాన సామర్థ్యం తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. నిజానికి ముఖద్వారంలో క్యాన్సర్ ముందు దశ మార్పులు వస్తే కొంత భాగం కోసి తీయాల్సి రావచ్చు. అలాంటప్పుడు తర్వాతి కాన్పులో నెలలు నిండకుండా ప్రసవం అయ్యే ముప్పు పెరుగుతుంది. మీ అత్తగారి భయం మనవరాలి కాన్పు గురించే అయితే, టీకా వేయించడానికి అదే పెద్ద కారణం అని చెప్పండి.

పాల్వంచ మేనమామ · 19 జూన్, ఉదయం 6:15

డాక్టరు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా ఉమ్మడి ఖమ్మం జిల్లా వాళ్లకి ఈ టీకా పేరు చెబితే 2009 గుర్తొస్తుంది. హాస్టల్ పిల్లలకి వేశారు, కొందరు పిల్లలు చనిపోయారు, ప్రాజెక్టు ఆపేశారు. మా మేనకోడలు అప్పుడు హాస్టల్లోనే ఉండేది. దానికీ వేశారు. మా అక్కాబావలకి ఆ సంగతి దసరా సెలవులకి అది ఇంటికొచ్చి చెబితేగానీ తెలియలేదు. ఇప్పుడు అదే టీకా మంచిదంటే ఎలా నమ్మాలి?

భద్రాచలం మాస్టారు · 19 జూన్, ఉదయం 8:50

మేనమామ గారు చెప్పినదాన్ని తేలిగ్గా తీసేయొద్దని అందరినీ కోరుతున్నాను. ఆ రోజుల్లో నేను ఇదే ఏజెన్సీలో టీచరుగా కొత్తగా చేరాను. తర్వాత ఈ విషయం మీద వచ్చిన రిపోర్టులన్నీ పట్టుబట్టి చదివాను. జరిగిందేమిటో వరసగా చెప్తాను.

2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేయించారు. సుమారు పద్నాలుగు వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకా సెర్వారిక్స్ వేశారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో, మహిళా సంఘాల ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఆ చావులపై కేంద్రం వేసిన కమిటీ విచారించింది. వాటిలో నీళ్లలో మునిగిపోవడం, పాము కాటు, పురుగుల మందు తాగడం, మలేరియా వంటి కారణాలు ఉన్నాయి. టీకాతో ముడిపెట్టే ఉమ్మడి లక్షణం కనిపించలేదని కమిటీ తేల్చింది. ఇది ఒక భాగం.

రెండో భాగం 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక. అది చదివితే ఇప్పటికీ నాకు కడుపు మండిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. తల్లీతండ్రీ బతికుండగా, పక్క ఊళ్లోనే ఉండగా, వార్డెన్ సంతకం ఎలా సరిపోతుంది? దుష్ప్రభావాలను గమనించి నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగా లేదని, ఆ మరణాలను విచారించిన తీరు కూడా బాగాలేదని సంఘం తప్పుపట్టింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అక్కడ దెబ్బతిన్నది ఆదివాసీ తల్లిదండ్రుల హక్కు. చదువు రాదు కాబట్టి వీళ్లని అడగక్కర్లేదు అనుకోవడం మహాపరాధం. కానీ ఆ కోపాన్ని టీకా మీదికి మళ్లిస్తే నష్టపోయేది మళ్లీ ఆ పిల్లలే. ఊళ్లో డబ్బున్నవాళ్లు తమ పిల్లలకి ప్రైవేటుగా వేయించుకుంటూనే ఉన్నారు.

పాల్వంచ మేనమామ · 19 జూన్, ఉదయం 9:20

మాస్టారూ, అంకెలతో చెప్పినందుకు ధన్యవాదాలు. వార్డెన్ల సంతకాల సంగతి విన్నాను గానీ ఇన్ని వేలని తెలియదు. కానీ నా మనసు ఇంకా కుదుటపడలేదు. ఆపేశాక ఆ పిల్లల్ని ఎవరు పట్టించుకున్నారు? మూడు డోసులు వేయాల్సినవాళ్లకి ఒకటి, రెండు వేసి వదిలేసిన చోట్ల సంగతేంటి?

గుంటూరు గైనిక్ · 19 జూన్, మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్న. ఖమ్మం పిల్లల విషయంలో మీ బాధ న్యాయమైనదే. అప్పట్లోనే మన దేశంలో ఇంకో అధ్యయనం కూడా నడుస్తుండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దేశంలో తొమ్మిది చోట్ల పది నుంచి పద్దెనిమిదేళ్ల అమ్మాయిలకి రెండు డోసులా, మూడా అని తేల్చడానికి గార్డసిల్ వేయిస్తుండేది. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో దాన్నీ ఆపమన్నారు. దాంతో దాదాపు ఐదు వేల మంది అమ్మాయిలు ఒక్క డోసు దగ్గరే ఆగిపోయారు.

ఆ పరిశోధకులు వాళ్లని వదిలేయలేదు. ఏళ్ల తరబడి పిలిచి పరీక్షలు చేస్తూ వచ్చారు. పదేళ్ల ఫలితాలు 2021లో ప్రచురించారు. 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు కూడా దాదాపు 95 శాతం ఆపింది. రెండు, మూడు డోసులు వేసుకున్నవాళ్లతో సమానంగా! ఆఫ్రికా దేశాల్లో చేసిన పరీక్షలతో పాటు ఈ భారతీయ అమ్మాయిల ఫలితాలనూ చూసే, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇరవై ఏళ్ల లోపు వాళ్లకి ఒక్క డోసు షెడ్యూలు పెట్టుకోవచ్చని దేశాలకి చెప్పింది. పేద దేశాలకి ఇది ఎంత పెద్ద ఊరటో! ఇప్పుడు ఉన్న టీకాతోనే రెట్టింపు మందిని కాపాడవచ్చు.

ప్రైవేటులో వేయించుకునేవాళ్లకి మాత్రం నేను టీకా లైసెన్సులో ఉన్నట్టే చెప్తున్నాను. పదిహేను లోపు అయితే ఆరు నెలల ఎడంతో రెండు డోసులు, దాటితే మూడు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకి లెక్క వేరు. వాళ్లు డాక్టరుతో మాట్లాడాలి.

ఇద్దరాడపిల్లల తండ్రి · 19 జూన్, రాత్రి 8:12

మా ఫ్యామిలీ గ్రూపులో జపాన్ వీడియో ఒకటి తిరుగుతోంది. చక్రాల కుర్చీలో అమ్మాయిలు, చేతులు వణకడం, నడవలేకపోవడం. అది చూసినప్పటి నుంచి నా భార్యకి ఒకటే టెన్షన్. జపాన్ ప్రభుత్వమే ఆపేసిందట కదా?

డల్లాస్ నాన్న · 19 జూన్, రాత్రి 9:58

జపాన్ కథ నేనూ చదివానండి. 2013 ఏప్రిల్‌లో వాళ్లు దీన్ని జాతీయ టీకాల్లో చేర్చారు. టీవీల్లో అలాంటి దృశ్యాలు రావడంతో జూన్‌లోనే ప్రభుత్వం సిఫార్సు చేయడం మానేసింది. టీకా నిషేధించలేదు, అడిగితే ఉచితంగానే ఇచ్చారు. కానీ డెబ్బై శాతం దాకా ఉన్న వేసుకునేవాళ్ల సంఖ్య ఒక్క శాతం కిందికి పడిపోయింది. తర్వాత నగోయా నగరంలో వేసుకున్నవాళ్లనీ వేసుకోనివాళ్లనీ పోల్చి చూస్తే ఆ లక్షణాలు రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉన్నాయి. చివరికి 2022 ఏప్రిల్‌లో మళ్లీ సిఫార్సు మొదలుపెట్టారు. మధ్యలో తొమ్మిదేళ్లు పోయాయి. ఆ వయసు దాటిపోయినవాళ్లకి కలిగిన నష్టం వేల క్యాన్సర్లలో ఉంటుందని అంచనాలు కట్టారు.

ఆ వీడియోలోని అమ్మాయిల బాధ అబద్ధమని నేననను. వాళ్లకి వైద్యం కావాలి. దానికి టీకా కారణమని చూపలేకపోయారు, అంతే.

ఇక్కడ అమెరికాలో పదకొండు, పన్నెండేళ్లకి మిగతా టీకాలతో కలిపి వేస్తారు. అబ్బాయిలకీ వేస్తారు. మా అబ్బాయికి వేయించాం. నెల్లూరు నుంచి మా అమ్మ ఫోన్లో "మగపిల్లాడికి గర్భసంచి ఎక్కడుందిరా" అని అడిగింది. గొంతు క్యాన్సర్లకీ ఈ వైరసే కారణమవుతోందని, రేపు కోడలికి వీడి నుంచి పాకకుండా ఉంటుందని చెప్పాక ఒప్పుకుంది. ఇంకో మాట, మేము ఉండే టెక్సాస్‌లో 2007లో గవర్నర్ ఆరో తరగతి ఆడపిల్లలందరికీ తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇస్తే శాసనసభ దాన్ని కొట్టేసింది. జనం నమ్మకముందే పైనుంచి రుద్దితే చదువుకున్నచోటైనా అదే గతి.

విజయనగరం అక్క · 20 జూన్, ఉదయం 11:30

చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ చర్చ చూశాక రాయాలనిపించింది.

నాకు నలభై ఆరేళ్లప్పుడు ఈ క్యాన్సర్ వచ్చింది. తెల్లబట్ట, నడుం నొప్పి ఉంటే వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను. నెలసరి మధ్యలో రక్తం కనపడుతున్నా ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఊరుకున్నాను. తేలేసరికి ఆపరేషన్ దశ దాటింది, రేడియేషనే అన్నారు. ఐదు వారాలు రోజూ కరెంటు పెట్టడం, వారానికోసారి కీమో, ఆ తర్వాత లోపల గొట్టాలు పెట్టి ఇచ్చే రేడియేషన్. ఆ చివరిదాని గురించి ఆడవాళ్లు బయట మాట్లాడుకోరు. నేను మాట్లాడతాను, ఎందుకంటే ఎవరూ చెప్పకపోవడం వల్లే భయం రెట్టింపయింది. ఆరోగ్యశ్రీలో చికిత్సకి డబ్బు తీసుకోలేదు గానీ, పట్నంలో ఉండటానికి, తిండికి, మా ఆయన పని మానుకున్న రోజులకి అప్పు అయింది. ఇప్పటికీ మూత్రంలో మంట, పేగుల ఇబ్బంది ఉన్నాయి. బతికున్నాను, అది చాలు.

మా వార్డులో పక్క మంచాల మీద ఉన్నవాళ్లంతా కూలి పనుల వాళ్లు, అమ్మమ్మలు, ముగ్గురు నలుగురు పిల్లల తల్లులు. ఒక్కరికి కూడా ముందు పరీక్ష చేయించుకోవాలని తెలియదు. దేశంలో ఏటా సుమారు ఎనభై వేల మంది ఈ జబ్బుతో పోతున్నారని తర్వాత చదివాను.

చికిత్స అయ్యాక చేసిన మొదటి పని మా అమ్మాయికి టీకా వేయించడం. దానికప్పుడు పందొమ్మిది, మూడు డోసులు పడ్డాయి. కూకట్‌పల్లి అమ్మా, మీ అత్తగారికి కావాలంటే నేను ఫోన్లో మాట్లాడతాను. నా వయసు, ఆవిడ వయసు దగ్గరగానే ఉంటాయి. ఇలాంటివి కోడలు చెబితే ఒకలా, తోటి ఆడది చెబితే ఒకలా వినిపిస్తాయి.

గుంటూరు గైనిక్ · 20 జూన్, మధ్యాహ్నం 1:15

అక్కా, మీరు రాసినది మా లెక్చర్ల కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఇది చదువుతున్న అమ్మలందరికీ ఒక మాట. పాపకి టీకా వేయించి మీరు మర్చిపోకండి. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషీ హెచ్‌పీవీ పరీక్షో, ముఖద్వారం దగ్గర కణాలు తీసి చూసే పాప్ స్మియరో చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూసే పరీక్ష ఉంటుంది, నిమిషాల్లో అయిపోతుంది. టీకా వేసుకున్న పిల్లలకి కూడా పెద్దయ్యాక ఈ పరీక్ష అవసరమే, టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు కాబట్టి.

సబ్‌సెంటర్ సిస్టర్ · 20 జూన్, రాత్రి 7:48

నేను శ్రీకాకుళం జిల్లాలో ఏఎన్ఎంని. 2017లో మీజిల్స్-రుబెల్లా టీకా ఊరూరా బడుల్లో వేసినప్పుడు చూసినవి చెప్తాను, ఈ టీకాకీ పనికొస్తాయి.

తల్లిదండ్రులు వద్దన్నారంటే వాళ్లకి తెలివి లేదని కాదు. చాలాసార్లు వాళ్లని ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. బడి నుంచి పిల్లతో ఒక కాగితం వస్తుంది, రేపటికి సంతకం పెట్టి తెమ్మంటారు. ఆ రాత్రి ఫోన్లో ఏది కనబడితే అదే నిజం అవుతుంది. కాగితం పంపే ముందు వారమైనా ఊళ్లో మాట్లాడాలి. తండ్రిని వదిలేసి తల్లితోనే మాట్లాడితే మర్నాడు "మా ఇంటాయన వద్దన్నాడు" అంటుంది. అందుకే నేను సాయంత్రాలు మగవాళ్లు ఇంట్లో ఉండే వేళకే వెళ్తాను.

రెండోది, చెయ్యి నొప్పి, వాపు, ఒకరోజు జ్వరం రావచ్చని ముందే చెప్పాలి. దాచితే ఆ జ్వరమే పుకారుకి మొదలు. ఈ వయసు ఆడపిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతుంటారు. ఒకమ్మాయి పడితే వరసలో ఉన్న ఇంకో ఐదుగురు పడతారు. వేసే గది వేరుగా ఉండాలి, బయట లైనులో ఉన్నవాళ్లకి కనపడకూడదు. వేశాక పావుగంట కూర్చోబెట్టాలి.

సిక్కిం వాళ్లు 2018లో రాష్ట్రమంతా ఈ టీకా వేశారని మాకు ట్రైనింగులో చెప్పారు. టీచర్లతో, తల్లిదండ్రులతో, విలేకరులతో ముందే సమావేశాలు పెట్టి మొదలుపెట్టారట. అర్హులైన పిల్లల్లో 97 శాతం మంది వేసుకున్నారు. మన దగ్గరా పని అలా జరగాలని నా ఆశ.

పాల్వంచ మేనమామ · 20 జూన్, రాత్రి 9:05

సిస్టర్ చెప్పిన పద్ధతిలో 2009లో ఒక్క ఊళ్లో వచ్చి మాట్లాడినా మా అక్కాబావలు వద్దనేవాళ్లు కాదేమో. మేనకోడలికి ఇప్పుడు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఆరోగ్యంగానే ఉంది. ఆ సంగతి కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. కానీ నా నిర్ణయం ఇది. మా ఊళ్లో పిల్లలకి వేసేటప్పుడు అమ్మో నాన్నో పక్కన ఉండాలి. ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఆసుపత్రిలో చూస్తారో కాగితం మీద రాసివ్వాలి. అది ఇస్తే ముందు నేనే తీసుకెళ్తాను. ఇవ్వకపోతే అడ్డం పడతాను.

భద్రాచలం మాస్టారు · 20 జూన్, రాత్రి 9:40

ఆ డిమాండు పూర్తిగా సమంజసం. మా బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు ఇదే మాట తీర్మానంలో రాయిస్తాను. కాగితం తెలుగులో ఉంటే చాలదు, కోయ తెలిసిన ఆశా కార్యకర్త చదివి వినిపించాలి.

కూకట్‌పల్లి అమ్మ · 23 జూన్, సాయంత్రం 5:20

నిన్న విజయనగరం అక్కతో మా అత్తయ్య చాలాసేపు మాట్లాడారు. ఫోన్ పెట్టేశాక నాతో ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మా వారిని "ప్రభుత్వం ఎప్పుడిస్తుందో, దీని వయసు ఆగుతుందా?" అని అడిగారు. శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మన దేశంలో తయారైన సెర్వావాక్ వేస్తామన్నారు. తొమ్మిది రకాలని ఆపే విదేశీ టీకా డోసు పది వేల పైనే చెప్పారు, అది మాకు భారం.

పాపకి నేనే చెప్పాను. పెద్దయ్యాక వచ్చే ఒక క్యాన్సర్ రాకుండా ఇది వేస్తారు, ఆ వైరస్ ఎలా వస్తుందో నీకు ఇంకో రెండేళ్లలో వివరంగా చెప్తాను, ఇప్పుడే అడగాలనిపించినా అడుగు అన్నాను. నొప్పి ఎంత ఉంటుందని మాత్రమే అడిగింది.

డాక్టరు గారూ, ఒక సందేహం. శనివారానికి నెలసరి వచ్చేలా ఉంది. వాయిదా వేయాలా?

గుంటూరు గైనిక్ · 23 జూన్, రాత్రి 8:02

అక్కర్లేదమ్మా. నెలసరిలో కూడా వేయించవచ్చు. బాగా జ్వరం ఉంటేనే తగ్గేదాకా ఆగండి. ఇంతకు ముందు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే, ఈస్ట్ పడకపోతే ముందే చెప్పండి. ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు. రెండో డోసు తేదీ డిసెంబరు చివర్లో వస్తుంది, కార్డు మీద రాయించుకోండి.